మగ్గాల మోతలో మాట

మార్చి 4

ముందుగా క్షమాపణ. ఈ డైరీ ఎప్పుడో తవ్వకాల్లో బయటపడితే చదవాల్సిన దౌర్భాగ్యం పట్టబోయే పురావస్తు శాస్త్రవేత్తలకూ, దీనిమీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకోబోయే విద్యార్థులకూ, ఈలోగా అంచులు రుచి చూడబోయే ఎలుకలకూ సాష్టాంగపడి విన్నవించుకునేదేమంటే, ఇందులో యుద్ధాలు లేవు. రాజ్యాలు కూలవు. ప్రేమ కూడా లేదు. ప్రయత్నలోపం లేదు, ఫలితమే లేదు. చరిత్రలో డిగ్రీ చేసినవాడి చేతిరాతలో ఒక్క దండయాత్రయినా లేకపోవడం సిగ్గుచేటు. తల వంచుకుంటున్నాను. మెడ ఎక్కువ వంచొద్దన్నారు కనుక కొంచెమే వంచుకుంటున్నాను.

రాయడానికి కారణం ఒక్కటే. మాట్లాడకూడదు.

నిన్న నా గొంతులోంచి ఒక చిన్న కాయ తీసేశారు. ఆవగింజంత ఉంటుందట. స్వరం పుట్టే తీగ మీద కూచుంది. అన్ని సింహాసనాలుండగా దానికి అదే దొరికింది.

"రెండు వారాలు ఒక్క మాట కూడా వద్దు. గుసగుస అసలే వద్దు, అది మాట కంటే చెడ్డది" అంది డాక్టరమ్మ.

చీటీ మీద రాసి చూపించాను: "పాట?"

ఆవిడ నవ్వలేదు. "బస్టాండులో మైకులో చెప్పేది నువ్వే కదా? గొంతు మునుపటిలా రావచ్చు. గరుకుగా రావచ్చు. తీగ మానేదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండు వారాలు నోరు మూసుకోవడం ఒక్కటే నీ చేతిలో ఉన్న పని."

నా జీవితంలో నన్ను ఈ మాట అననివాళ్లు లేరు. వైద్యం పేరుతో అనడం మాత్రం ఇదే మొదలు.

గొంతు మునుపటిలా రాకపోతే సూపరింటెండెంటు నన్ను పార్సిళ్ల కౌంటరుకి పంపిస్తాడు. అక్కడ మూటల మీద చీటీలు అంటించాలి. మూటలతో మాట్లాడనక్కర్లేదు.

భయమేమీ లేదు. సమాచారం కోసం రాశాను.

మార్చి 5

చెల్లి ఒక పలక కొనుక్కొచ్చింది. తెల్లది, తుడిచేస్తే పోయేది. పైన కుందేలు బొమ్మ. "నీ స్థాయికి ఇదే దొరికిందిరా అన్నయ్యా" అంది.

పలకతో పెద్ద చిక్కు. జోకు తట్టి, పెన్ను మూత తీసి, రాసి, ఎత్తి చూపించేసరికి మాట ఇంకెక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. నాన్న గ్యాసు సిలిండరు గురించి చెబుతుండగా రాయడం మొదలుపెట్టిన జోకు, చెల్లి పరీక్షల గురించి మాట్లాడేటప్పుడు బయటపడింది. ముగ్గురూ పలకకేసి చూశారు. తర్వాత నాకేసి చూశారు. నాన్న పెద్దమనసుతో "బాగుందిరా" అన్నాడు.

నోరున్నవాడిదే రాజ్యం అంటారు. రాజ్యం పోయిన రాజులు కుందేలు బొమ్మ ముందు ఎలా కూచుంటారో చరిత్ర పుస్తకాల్లో రాయలేదు.

మార్చి 6

నాన్న బస్సు డ్రైవరు. ఆయన బండి స్టాండులోంచి కదిలేటప్పుడు ఊరి పేర్లు చదివేది నేనే. తండ్రిని ప్లాట్‌ఫారం మీదికి పిలిచి, తండ్రిని సాగనంపే ఉద్యోగం ప్రపంచంలో ఎందరికుంటుంది? ఇప్పుడు నా సీట్లో టికెట్ల గుమస్తాను కూచోబెట్టారు.

"వాడు నా బండి పేరు చెబుతుంటే తప్పిపోయిన పిల్లాణ్ణి వెతుకుతున్నట్టుందిరా. ఎక్కేవాళ్లు కూడా జాలిపడుతూ ఎక్కుతున్నారు" అన్నాడు నాన్న, చెప్పులు విప్పుతూ.

పడీపడీ నవ్వాల్సిన మాట. నవ్వుక్కూడా గొంతు కావాలని ఈరోజే తెలిసింది. ముక్కుతో గాలి వదిలాను. గుర్రంలా ఉందంది చెల్లి.

మార్చి 7

భయం లేదు. నీళ్లు ఎక్కువ తాగుతున్నాను, అంతే.

మార్చి 8

ఈరోజు రాత పెద్దదవుతుంది. ఎలుకలు మన్నించాలి.

మా అమ్మ గురించి నాకు తెలిసినదంతా నిన్నటిదాకా ఒక్క వాక్యంలో రాసేవాణ్ణి: అమ్మ బట్టల మిల్లులో మగ్గాల షెడ్డులో పనిచేస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. మిల్లు నుంచి వస్తుంది, జడలో ఇరుక్కున్న దూది దులుపుకుంటుంది, మేం ముగ్గురం ఒకేసారి అరుస్తుంటే మధ్యలో కూచుని తన పని తను చేసుకుంటుంది. ఇంట్లో మాట్లాడే వంతు మాది, ఊఁ కొట్టే వంతు తనది అనుకున్నాను. పంపకం బాగానే ఉందనుకున్నాను.

సాయంత్రం భోజనాల దగ్గర ముద్ద నోట్లో పెట్టుకుని, పలక పక్కగదిలో ఉంది కాబట్టి, అలవాటు చొప్పున ఉత్త పెదాలతో అన్నాను, ఊపిరి కూడా తగలకుండా: ఉప్పు తగ్గింది.

అమ్మ ఎదురుగా ఉంది. తనూ పెదాలతోనే, చప్పుడు లేకుండా అంది: నీకు కాదు, మీ నాన్నకి తగ్గించా. బీపీ. చెప్పకు.

నేను ముద్ద మింగడం మర్చిపోయాను.

అర్థమైందా నీకు? అన్నాను, పెదాలతో.

పాతికేళ్లుగా షెడ్డులో ఇలాగే కదరా మాట్లాడుకునేది. ఆ మోతలో గొంతులెవరికి పనికొస్తాయి?

నాన్న మా ఇద్దరి మధ్యా కూచుని, రోడ్డు చూసినంత శ్రద్ధగా గోడకేసి చూస్తూ తింటున్నాడు. ఆయన ఎడమ భుజం మీదుగా అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పోయినవారం ఆయన తెచ్చిన వంకాయలు ఎంత ముదురో. అందులో ఒకదానికి పెళ్లీడుకొచ్చిన మనవరాళ్లు కూడా ఉండి ఉంటారని. కోసేముందు దాని ఆశీర్వాదం తీసుకున్నానని. ఇదంతా కనుబొమ కదలకుండా, ఆయన కంచంలోకి ఇంకాస్త అన్నం వడ్డిస్తూ.

నాకు కళ్లమ్మట నీళ్లు కారాయి. గుర్రం చప్పుడు వచ్చింది.

"ఏంటి? ఏం జరుగుతోందిక్కడ?" అన్నాడు నాన్న.

"ఏం లేదండీ. వాడికి కారం తగిలినట్టుంది" అంది అమ్మ, పైకి.

పైకి అన్న ఆ గొంతు నాకు తెలిసిన అమ్మది. లోపలిది ఎవరిది? ఇరవై నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను బస్టాండులో పేరుమోసిన హాస్యగాణ్ణి. కండక్టర్లు నా జోకులు ఊళ్లు దాటిస్తారు. నాకంటే పెద్ద హాస్యగత్తె మా వంటింట్లో అన్నం వడ్డిస్తోంది, నేను టికెట్టు కొని ఒక్కసారీ చూడలేదు.

మార్చి 9

పెదాలు కదపవచ్చో లేదో చెల్లి ఫోను చేసి డాక్టరమ్మని అడిగింది. "ఊపిరి కూడా తగలకపోతే పరవాలేదు" అందట. "గొంతులో చిన్న కదలిక వచ్చినా ఆపెయ్యాలి. చెయ్యి పెట్టుకుని చూసుకోమను."

చెయ్యి గొంతు మీద పెట్టుకుని అమ్మతో మాట్లాడుతున్నాను. ప్రమాణం చేస్తున్నట్టుంటుంది. ప్రమాణమే కాబోలు.

అడిగాను: ఇన్నేళ్లూ ఇంట్లో ఇలా ఎందుకు మాట్లాడలేదు?

అమ్మ చేతులు తుడుచుకుంది. జవాబు చెప్పేముందు నాకు పూర్తిగా ఎదురుగా తిరిగింది. ఇది తన పద్ధతి, ఇప్పుడు గమనిస్తున్నాను. ఏ మాటా నడుస్తూ అనదు, పక్కకు చూస్తూ అనదు.

"షెడ్డులో ఒకరితో ఒక మాట అనాలంటే, మగ్గం మీదనుంచి కళ్లు తీసి ఆ మనిషికేసి తిరగాలి. ఈలోగా పోగు తెగితే బట్ట చెడిపోతుంది. అందుకని ఊరికే ఎవరూ తిరగరు. ఎవరితో ఏం చెప్పాలో ముందే అనుకుని, అప్పుడు తిరుగుతాం. తిరిగామంటే ఆ మనిషికోసమే తిరిగినట్టు." ఇదంతా పెదాలతోనే. తర్వాత పైకి అంది: "ఇంటికొస్తే నువ్వు ఫోను చూస్తూ మాట్లాడతావు. చెల్లి పుస్తకం చూస్తూ మాట్లాడుతుంది. ఆయన గోడని చూస్తూ మాట్లాడతారు. నన్ను చూడనివాళ్లతో ఏం మాట్లాడాలో నాకు తెలీదురా."

కోపంగా అనలేదు. నీళ్లు ఏ వేళకొస్తాయో చెప్పినట్టు అంది.

దీనికి పలక మీద రాయాల్సిన జోకు నాకు తట్టలేదు. తట్టలేదని తేదీ వేసి నమోదు చేస్తున్నాను.

మార్చి 10

ఈరోజు ఎవరితో ఏమన్నా ముందుగా వాళ్లకేసి తిరగాలని నియమం పెట్టుకున్నాను. నాకు మాట లేదు కనుక నియమంలో సగం పని ముందే అయిపోయింది.

పాలవాడి కుడి కనుబొమలో ఒక వెంట్రుక తెల్లది. ఎన్నాళ్లుగానో తెలీదు. పై అంతస్తు పెద్దాయన లిఫ్టు ఎక్కేముందు దానికి నమస్కారం పెడతాడు. పాత లిఫ్టు కదా, న్యాయమే. మా చెల్లి చదివేటప్పుడు కష్టమైన పేజీ దగ్గర ఎడమ పాదంతో కుడి పాదాన్ని తొక్కుతుంది, తన్నుకుంటున్నట్టు.

ఇవన్నీ ఇంతకాలం ఎక్కడున్నాయి? ఇక్కడే ఉన్నాయి. నేనే మాట్లాడుతున్నాను.

మార్చి 11

ఇంట్లో ఉండలేక బస్టాండుకి వెళ్లాను. గుమస్తా తప్పిపోయిన పిల్లల్ని వెతుకుతూనే ఉన్నాడు. సూపరింటెండెంటు నా భుజం తట్టి, పార్సిళ్ల కౌంటరు గదికి కొత్త ఫ్యాను వేయించామని చెప్పాడు. ఆయనకి చెడు ఉద్దేశం లేదు. ఆ ఫ్యాను గురించి మూడుసార్లు చెప్పాడు.

బెంచీ మీద కూచుని కదలబోయే బస్సుల అద్దాలకేసి చూశాను. అమ్మ నేర్పినట్టు. "పెదాలొక్కటే చూడకు, బుగ్గలు చూడు, గడ్డం చూడు" అంది. పది మాటల్లో ఏడు జారిపోతున్నాయి. దొరికిన మూడు చాలు.

కిటికీ పక్క సీట్లో ఒకావిడ ఒంటరిగా కూచుని ఏదో చెప్పుకుంటోంది. క్షమించమని. మళ్లీ మొదట్నుంచి, ఈసారి ఇంకాస్త మెల్లగా. దిగాక ఎవరికో చెప్పాల్సినది సాధన చేస్తోంది. వెనక సీట్లో ఒక ముసలాయన దారిలో వచ్చే ఊళ్ల పేర్లు వరసగా అనుకుంటున్నాడు. నేను మైకులో చదివే వరస అదే. ప్రతి పేరు దగ్గరా ఆయన మొహం కొంచెం మారుతోంది. ఒక పేరు దగ్గర నవ్వాడు. అక్కడ ఏం జరిగిందో! ఆ పేరుని నేను వెయ్యిసార్లు చదివుంటాను, ముందుదానికీ వెనకదానికీ మధ్య ఊపిరి తీసుకునే చోటుగా.

అద్దాల వెనక అందరూ ఏదో అంటున్నారు. ఒక్క చప్పుడు లేదు. నాకు ఒళ్లు జలదరించింది. ఎండ మండిపోతోంది, చలి అని రాయడానికి వీల్లేదు.

మార్చి 13

చెల్లి మొదటి రెండు రోజులూ పండగ చేసుకుంది. పుట్టాక ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ చదువుకోలేదట. ఈరోజు పుస్తకం మూసి నా ఎదురుగా వచ్చి కూచుంది.

"అన్నయ్యా, ఏదైనా వాగరా."

పలక తీసుకోబోయాను.

"అది వద్దు. అది నువ్వు కాదు." "నీ గొంతు మారిపోతే నన్ను ఏడిపించేదెవర్రా? కొత్తాయన ఏడిపిస్తే నేను ఊరుకోను" అంది.

కొత్తాయన! కుందేలు పక్కన రాసి చూపించాను: "కొత్తాయన నీకంటే తెలివైనవాడట, నిన్ను పట్టించుకోడట." పలకతో నెత్తిమీద కొట్టింది. వెళ్లేటప్పుడు మొహం అటు తిప్పుకుంది. బుగ్గలు కనిపించనివ్వలేదు.

మార్చి 14

భయం లేదు.

మార్చి 15

లేదన్నానుగా.

మార్చి 17

రేపు ఉదయం డాక్టరమ్మ దగ్గరికి. ఈరోజు అమ్మ భోజనం డబ్బా మర్చిపోయింది. నేను తీసుకెళ్లాను. మర్చిపోయిందా, మర్చిపోయినట్టు పెట్టిందా అని అనుమానం ఉంది, సాక్ష్యం లేదు.

గేటు దగ్గర కాపలా ఆయన డబ్బా చూసి లోపలికి పంపించాడు. షెడ్డు తలుపు తోశాను.

చప్పుడు అని రాస్తే తక్కువ. చప్పుడు చెవుల్లోకి వస్తుంది. ఇది అరికాళ్ల గుండా ఎక్కింది. దవడ పళ్లు కదిలాయి. పక్కన గోడ మీద చెయ్యి వేస్తే గోడ కూడా పనిచేస్తోంది. వరసలు వరసలుగా మగ్గాలు, నూలు మోసే నాడెలు ఈ చివర్నుంచి ఆ చివరికి కొట్టుకుంటూ, పైనుంచి వచ్చే వెలుతురులో దూది తేలుతూ. మధ్యలో ఆడవాళ్లు. ఆ మోతలో, కాలేజీ లైబ్రరీలో కూచున్నంత తీరిగ్గా.

అప్పుడు అమ్మ కనిపించింది. రెండు వరసల అవతల, నాకు పక్కకు తిరిగి. మగ్గం మీదనుంచి కళ్లెత్తింది. ఎదుటి వరసకేసి తిరిగింది. మొదలుపెట్టింది.

అచ్చం మా డాక్టరమ్మే! నెత్తిన అద్దాలు సర్దుకోవడం, నవ్వకుండా పెదాలు బిగించడం, "పాట?" అన్న నా చీటీని రెండు వేళ్లతో దూరంగా పట్టుకోవడం. ఆ రోజు గదిలో ఒక మూల కూచుంది అమ్మ. ఒక్క మాట అనలేదు. అన్నీ మూటగట్టుకొచ్చి ఇక్కడ విప్పుతోంది. తర్వాత నేను. నా నడక, పలక ఎత్తి చూపించి ఎవరూ నవ్వకపోతే వెర్రిమొహం వేసే తీరు. ఆ వరసా, ఆ వెనక వరసా, ఆడవాళ్లు తలలు వెనక్కి వాల్చి నవ్వుతున్నారు. నోళ్లు బార్లా తెరిచి. ఒక్కరి నవ్వూ వినబడదు. మగ్గాల మోత తప్ప లోకంలో ఏమీ వినబడదు. అందరి భుజాలూ ఎగిరెగిరి పడుతున్నాయి. అమ్మ చేతులు మాత్రం ఈలోగానే మళ్లీ మగ్గం మీద ఉన్నాయి, పోగు సరిచూస్తూ.

మిమిక్రీ నా సొంత సంపాదన అనుకునేవాణ్ణి. కాలేజీలో బహుమతులు కూడా పుచ్చుకున్నాను. వేదిక మీద, మైకు ముందు, చప్పట్లకి. అమ్మ పాతికేళ్లుగా చప్పట్లు వినబడని చోట ఆడుతోంది. రోజూ. ఎదుటి వరసలో ఒకావిడ మొహం ఈరోజు వాడిపోయి ఉందని చూసి, ఆమె కోసమే తిరిగింది, నేను చూశాను. ముగించేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది, కొంగుతో, నవ్వి నవ్వి.

డబ్బా పట్టుకుని నించున్నాను. నోరు తెరుచుకునే ఉండి ఉంటుంది. తర్వాత పళ్లలో దూది దొరికింది.

అప్పుడు అమ్మ నన్ను చూసింది. పూర్తిగా నాకేసి తిరిగింది. ఏంట్రా? అంది.

ఏం లేదు, డబ్బా, అన్నాను. ఇచ్చేసి వచ్చేశాను.

మార్చి 18

డాక్టరమ్మ ముక్కులోంచి గొట్టం వేసి చూసింది. తెరమీద నా గొంతు. గులాబీ రంగులో, తడిగా, రెండు తలుపుల్లా. ఇదేనా, ఇన్ని ఊళ్లని పిలిచింది! కళ్లప్పగించి చూశాను.

"బాగా మానింది" అంది. "ఇప్పుడు ఆఁ అను."

అన్నాను. ఇసుకలో చెప్పులీడ్చినట్టు వచ్చింది. కింది స్థాయిలో, గరగరగా. నాది కాదది. అద్దంలో పక్కింటాయన కనబడినట్టయింది.

"ఇది కొంత తేటపడొచ్చు. పూర్తిగా పాతగొంతు రాకపోవచ్చు. మైకు పని ఇప్పట్లో వద్దు" అంది. రోజూ ఎంతసేపు మాట్లాడాలో చెప్పింది. చివర్న అడిగింది: "ఈ రెండు వారాల్లో ఒక్కసారైనా మాట్లాడావా?"

లేదని తలాడించాను.

ఇంటికొచ్చి గుమ్మంలో "వచ్చాను" అన్నాను. నాన్న తలెత్తి "ఎవరు కావాలండీ?" అన్నాడు, నవ్వించాలని. కుళాయి దగ్గరికెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. చెల్లి "బాగుందిరా, కిడ్నాపులు చేసేవాడిలా ఉన్నావు" అంది. అని చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

అమ్మ షిఫ్టు దిగి వచ్చింది. జడ దులుపుకుంటోంది. ఎదురుగా నించుని "అమ్మా, గొంతు మారిపోయింది" అన్నాను.

అమ్మ నాకేసి తిరిగి చూసింది. "అవునా?" అంది. "నాకేం తేడా తెలీలేదురా."

అమ్మ చెవి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. "మిల్లులో చెవులు ఎప్పుడో సగం పోయాయి. నీ గొంతు నాకు సగమే వినపడేది. మిగతా సగం చూసి తెలుసుకునేదాన్ని. ఇప్పుడూ అదే నోరు, అవే బుగ్గలు. నువ్వేరా." మాకు చెప్పలేదేమని నాన్న అడిగితే, "మీరు అడిగినప్పుడల్లా గోడతో అడిగారండీ" అంది. నాన్న కుర్చీ లాగి అమ్మకి ఎదురుగా వేసుకుని కూచున్నాడు. అలా చూస్తూ కూచున్నాడు. అమ్మ సిగ్గుపడింది. మా అమ్మ సిగ్గుపడగా చూడటం ఇదే మొదలు.

సోమవారం నుంచి పార్సిళ్ల కౌంటరు. కొత్త ఫ్యాను ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎలుకలు కూడా పక్కకు తప్పుకోవాలి.

నిన్న ఏం లేదు అన్నానని రాశాను. అబద్ధం. డాక్టరమ్మకి తలాడించిందీ అబద్ధమే. అమ్మ అన్ని మగ్గాల అవతల నుంచి, ఒక పోగుని గాలికి వదిలేసి, నాకోసం తిరిగి ఏంట్రా అన్నప్పుడు నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. అది అనబోయాను. అది రాలేదు. "అమ్మా, నాకు చాలా భయంగా ఉంది" అని వచ్చింది.

అమ్మ చదివింది. "నాకూనురా" అంది. మగ్గం మీద పోగు తెగింది, అటు తిరిగి ముడివేసింది.

ఆ మోతలో నా మాట ఎవరికీ వినబడలేదు, నాకే వినబడలేదు. ఉత్త పెదాలే కదిపి ఉంటానని రాత్రంతా నాకు నేను చెప్పుకున్నాను. కానీ అప్పుడు నా చెయ్యి అలవాటుగా గొంతు మీదే ఉంది. గొంతు కదిలింది. పైకే అన్నాను.